మెట్ల వంతు

ఆ వారం మెట్లు ఊడ్చే వంతు కింది వాటా హేగెలె గారిది. వంతు ఎవరిదో చెప్పే చెక్కపలక ఆవిడ తలుపుకే వేలాడుతోంది. అయినా జ్ఞానకుమారి ఏడో నెల కడుపుతో, మూతికి మాస్కుతో, పైమెట్టు నుంచి వీధి తలుపు దాకా ఊడ్చి తడిగుడ్డ పెట్టింది.

ఆయాసపడుతూ పైకొచ్చిన భార్యను చూసి ఎలియాస్ లాప్‌టాప్ మూశాడు.

"అద్దె తీసుకునేది ఇళ్ళ వ్యవహారాలు చూసే ఆఫీసు. అగ్రిమెంటు రాసింది ఆఫీసు. నువ్వు మెట్లు తుడిస్తే ఆఫీసుకి జాలేస్తుందా?"

"ఆఫీసువాళ్ళు ఎవరి మాట వింటారండీ? ఓనరమ్మ మాటేగా."

అతనికి మాత్రం వేరే దారి ఏముంది?

జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో ఆ రెండు గదుల ఇంటి గడువు మార్చి ఆఖరుతో అయిపోతుంది. పొడిగించేది లేదని ఆఫీసు డిసెంబరులోనే మెయిలు పెట్టింది. లాక్‌డౌన్‌లో ఇల్లు చూపించేవాళ్ళే కరువు. ఎలియాస్ కంపెనీలో పనిగంటలు సగానికి కోసేశారు. ఆ జీతం చూశాక ఒక్క ఇంటివాళ్ళూ జవాబివ్వడం లేదు. అడ్రసు లేకపోతే వీసా కాగితం కదలదు. బిడ్డ మాత్రం ఏప్రిల్ దాటి ఆగదు.

పెళ్ళయిన కొత్తలో ఒంగోల్లో వాళ్ళు అద్దెకున్న ఇంట్లో, ఓనరు బాలామణి గారు కింది వాటాలోనే ఉండేది. గేటు ఎవరు వెయ్యలేదో, మోటారు ఎవరు కట్టలేదో కిటికీలోంచే కనిపెట్టేది. ఇక్కడ హేగెలె గారూ అంతే. కాగితాల చెత్తడబ్బాలో ప్లాస్టిక్ కవరు పడితే పైకొచ్చి బెల్లు కొట్టేది. చెప్పులు గుమ్మం బయట కనిపిస్తే వేలు పెట్టి చూపించేది. ఊరు మారినా ఓనర్లు మారరని జ్ఞానకుమారి మొదటి నెలలోనే అనుకుంది.

అక్టోబరు నుంచి ఆవిడ మెత్తబడింది.

గడువు దగ్గరపడుతోందని జ్ఞానకుమారి కారం లేకుండా కొబ్బరన్నం చేసి, గుమ్మంలో పెట్టి, దూరంగా నిలబడ్డది అప్పుడే. గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు. రేగుపళ్ళలాంటి ఏవో పళ్ళ జామ్ నింపుకుని వచ్చింది. ఆ తర్వాత డబ్బాల గురించి బెల్లు మోగలేదు. క్రిస్మస్‌కి ఫోర్కు వెనక ఒత్తి చేసిన గవ్వలు పంపితే, పుట్టబోయే బిడ్డకి పసుపు ఊలుతో బొటనవేలంత మేజోళ్ళు వచ్చాయి.

జనవరిలో ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే, ఎనభై దాటిన ఆ మనిషి నడుం పట్టుకుని పై మెట్లు ఊడుస్తోంది. ఆ వారం వంతు జ్ఞానకుమారిది.

ఎలియాస్ చాలా రోజులకి నవ్వాడు. "ఓనరు చేతే ఊడ్పించుకుంటున్నావు. మామూలుదానివి కాదు నువ్వు."

"నవ్వకండి. దేవుడు ఆవిడ మనసు కరిగిస్తున్నాడు. ఆదివారం జూమ్ ప్రార్థనలో దీనికోసమేగా మోకరించింది."

"కరిగిందిగా. అయితే అడిగెయ్."

"పెట్టిన చేత్తోనే అడిగితే, అందుకే పెట్టామనుకోదూ?"

"అందుకేగా పెట్టింది."

"అయినా సరే, అలా అనుకోకూడదు."

అలా అడగకుండానే ఫిబ్రవరి సగమైంది. ఆఫీసుకి ఎలియాస్ రాసిన మూడో మెయిలుకి కూడా అదే జవాబు వచ్చింది. ఇక లాభం లేదని అతను భార్యకి జర్మన్‌లో ఒక వాక్యం నేర్పాడు. మాకు ఇంకొక్క ఏడాది ఇవ్వండి, అంతే. కూర కలుపుతూ అదే, పడుకోబోతూ అదే. మధ్యలో ఒక క్రియ నోరు తిరగక, దాన్ని వదిలేసి కూడా సాధన చేసింది.

శనివారం మధ్యాహ్నం వేడివేడి కొబ్బరన్నంతో కిందికి దిగింది. ఈసారి గిన్నె గుమ్మంలో పెట్టి దూరం జరగలేదు.

బెల్లు నొక్కకముందే తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు వింటూ ఆవిడ తలుపు వెనకే నిలబడి ఉన్నట్టుంది. మాస్కు తలకిందులుగా పెట్టుకుంది. గిన్నె అందుకుంది గానీ ఎక్కడా దించలేదు. రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకుంది. మూత చిన్నగా టకటకలాడుతోంది.

చలికేమో అనుకుంది జ్ఞానకుమారి. ఊపిరి తీసుకుని వాక్యం మొదలుపెట్టింది. మొదటి మాట బయటికొచ్చింది.

"ఆగమ్మా," అంది హేగెలె గారు. "నన్ను ముందు చెప్పనీ. ఎన్నాళ్ళనుంచో అడుగుదామనుకుంటున్నాను. నోరు రావడం లేదు."

తర్వాత చిన్నపిల్లకి చెప్పినట్టు, జ్ఞానకుమారికి ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా, ఆగి ఆగి అంది:

"అక్టోబరులో ఈ ఇల్లు కొన్న ఇండియా ఆయన మీ బంధువేగా, నా అద్దె గడువు మార్చితోనే అయిపోతోంది, ఇంకొక్క ఏడాది ఉండనివ్వమని నా తరఫున ఆయనకి ఒక్క మాట చెప్పవా?"