పన్నెండు దాటాక

పద్నాలుగు కార్లూ చూసి ఫణీంద్ర నడుం ఎత్తేసరికి పదిన్నర దాటింది.

శుక్రవారం. రాహుకాలం మొదలైపోయింది.

అంతకు ముందే రేటు చెప్పేసి వెళ్ళిపోవాలనుకున్నాడు. కానీ మైత్రీవనం దగ్గర కంప్యూటర్ క్లాసుల పిల్లల మధ్య స్కూటర్ ఇరుక్కుపోయి, పంజాగుట్ట చేరడమే ఆలస్యమైంది.

అన్నీ పాతకాలపు కార్లు. అంబాసిడర్లు, ఫియట్లు, మోరిస్‌లు, ఓ మూల నల్లటి ప్లిమత్. సాఫ్ట్‌వేర్ పెళ్ళికొడుకులు ఇప్పుడు వీటిలోనే ఊరేగుతున్నారని సూర్యనారాయణగారు ఊళ్ళు తిరిగి కొనుక్కొచ్చారు. అన్నిటికీ పాలిష్ పట్టి, ముహూర్తాల నాటికి అద్దంలా నిలబెట్టాలి.

ఈ పని దొరికితే ఫణీంద్రకి కొత్త షట్టర్ అద్దెకు తీసుకునే దారి కనిపిస్తుంది. అమీర్‌పేటలో ఇప్పుడున్న షట్టర్‌ని ఓనరు కోచింగ్ సెంటర్‌కి మాట్లాడేసుకున్నాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

"ఎంతవుతుందో చెప్పి వెళ్ళండి. నేను బ్యాంకుకి పోవాలి," అన్నారు సూర్యనారాయణగారు గదిలోంచి.

"ఇంకోసారి చూసి చెప్తానండి," అన్నాడు ఫణీంద్ర.

పెద్ద పనికి రాహుకాలంలో రేటు నోట రానివ్వడు. తండ్రి దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. దేవుడు చేసిన గంటల్లో ఇదొక్కటే చెడ్డదెలా అయిందని భార్య శ్రీలేఖ అడుగుతుంటుంది.  అయినా అతనికి భయమే.

షెడ్డు బయటికొచ్చి ఆమెకి ఫోన్ చేశాడు. రేటింకా చెప్పలేదని, పన్నెండు దాకా ఎలాగోలా ఆగాలని, ఇది కూడా పోతే ఒకటో తారీఖున సామాను రోడ్డు మీదే పెట్టుకోవాలని గొంతు తగ్గించి చెప్పాడు.

ఫోన్ పెట్టేసి తిరిగితే వెనకాలే ఒక ముసలాయన. తలమీద తెల్లటోపీ, చంకలో మెత్తటి గుడ్డల మూట, చేతిలో వ్యాక్స్ డబ్బా.

పోటీ వచ్చాడన్నమాట, అనుకున్నాడు ఫణీంద్ర.

పేరు హైదర్ అని, బోరబండ నుంచి వచ్చానని ముసలాయనే చెప్పాడు.

"గడియారం మస్తు చూస్తున్నవ్ భాయ్. రాహుకాలమా?"

వెటకారమేమోనని ఫణీంద్ర వాచీ ఉన్న చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"గా నల్ల బండికి పాలిష్ మిషన్ పెడ్తవా?"

"పెట్టను. రంగు పల్చబడిపోయింది. మిషన్ తగిలితే రేకు బయటపడుతుంది. చేత్తోనే పట్టాలి."

"చేత్తో అంటే మస్తు రోజులు పడ్తది. రేటు పెరుగుతది. పని పోతది కదా?"

"పోతే పోనీండి. బండి పాడుచేసి ఇవ్వలేను కదా."

హైదర్ తలూపాడు. మొత్తం ఎంత చెప్పబోతున్నావని అడిగాడు. పోటీవాడికి రేటు చెప్పుకునేంత వెర్రివాడెవడుంటాడు? ఇంకా అనుకోలేదని ఫణీంద్ర మొహం తిప్పుకున్నాడు.

ముసలాయన తిన్నగా సూర్యనారాయణగారి గదిలోకి వెళ్ళాడు.

కాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. ఇదెక్కడ దొరికింది సాబ్ అని హైదర్ ఒక్కో కారు దగ్గరా ఆగి అడగడం, సూర్యనారాయణగారు బ్యాంకు సంగతి మరిచి దాని కథంతా విప్పడం. మధ్యమధ్య నవ్వులు కూడా.

ఫణీంద్ర ఇదంతా దూరం నుంచి చూస్తున్నాడు. తను గడియారం ముల్లు చూస్తూ కూర్చుంటే, అవతలివాడు బేరం ఎగరేసుకుపోతున్నాడు.

చివరికి ఉండబట్టలేక లేచాడు. రాహువూ లేదు, కేతువూ లేదు, ఏమైతే అదైందని వాళ్ళ వైపు గబగబా నడిచాడు.

అతను రావడం హైదర్ చూశాడు. చూసి, ప్లిమత్ తలుపు తీసి సూర్యనారాయణగారిని లోపల కూర్చోబెట్టి, తనూ ఎక్కి తలుపు వేసేసుకున్నాడు.

ఫణీంద్ర అడుగు అక్కడే ఆగిపోయింది. నీ గడియ పాటించినందుకా ఇది, అని పొద్దున దీపం పెట్టి మొక్కిన దేవుణ్ణి మనసులోనే అడిగాడు.

కారు అద్దం వెనక ముసలాయన చేతులు తిప్పుతూ ఏదో చెప్తూనే ఉన్నాడు.

పన్నెండు దాటాక తలుపు తెరుచుకుంది. హైదర్ దిగి, జుమ్మా నమాజుకి టైమైందంటూ గేటు వైపు కదిలాడు.

"ఇగ పో భాయ్. ఫికర్ చెయ్యకు," అన్నాడు ఫణీంద్రని దాటుతూ.

ఫణీంద్ర ఆయన మొహం కూడా చూడలేదు.

కారు దగ్గరికి వెళ్ళి, ఆశ వదులుకున్నవాడి గొంతుతో తన రేటు చెప్పాడు. మిషన్ పనికి ఇంత, చేతి పనికి ఇంత.

సూర్యనారాయణగారు ఒక్క రూపాయి తగ్గించమనలేదు. సోమవారం నుంచి మొదలుపెట్టమన్నారు.

 కొత్త షట్టర్ మీద తన బోర్డు ఫణీంద్ర కళ్ళముందు కదిలింది. అయినా మనసు ఆగక అడిగేశాడు.

"ఆయన నాకన్నా తక్కువ చెప్పారేమో అనుకున్నానండి. పోటీకి వచ్చారు కదా."

"పోటీ ఏంటండీ?" అన్నారు సూర్యనారాయణగారు. "నిన్ననే ఈ పని ఆయనకిచ్చేశాను. మిమ్మల్ని ముందే రమ్మన్నాను కాబట్టి, ఊరికే పంపడం బాగోదని రేటు అడిగానంతే. పని మొదలుపెడదామని వచ్చిన మనిషి, బయట మీ ఫోన్ మాటలు విని, 'నాకు పోగొట్టుకునేటందుకు షట్టర్ సుత లేదు సాబ్, ఎవరి గేటు ముంగటనన్నా చేసుకుంట, ఇది గా పిల్లగానికియ్యి' అని వదులుకుని, పన్నెండు దాటేదాకా మిమ్మల్ని నోరు తెరవనివ్వొద్దని నన్ను ఈ కార్లో పెట్టి తలుపేశాడు."