తాడు కాపలా

"తమ్ముడి ప్రేమ. ఈ అధ్యాయానికి ఇతివృత్తం అదే, రాసుకోండి," అన్నాడు లెక్చరర్ నాగభూషణరావు. నవలలో, అడవి వదిలి పట్నం చేరిన చెంచు ఒకడు తాడుకు వేలాడుతూ మేడలకు రంగులు వేస్తాడు. పైన తాడుకు కాపలా అతని తమ్ముడు.

చెంచులక్ష్మి రాయలేదు. "ప్రేమేంది సార్? తేనెకు తాడు పట్టి కొండ దిగేటప్పుడు మా చెంచోళ్లు తాడు కాడ బామ్మర్దినే పెడతారు. అక్క తాళి తెగనీయడని. తమ్ముడికైతే వదిన మీద కన్నుండొచ్చు."

"అంత అనుమానమెందుకమ్మా?" నవ్వాడాయన.

"మా నాయన తాడు కాడ చిన్నాయనే ఉన్నాడు సార్. నాయన పడి సచ్చిపోయినాడు. ఏడాది తిరక్కుండానే చిన్నాయన మా అమ్మను ఇంట్లో పెట్టుకున్నాడు."

బోర్డు మీద రాసిన 'ప్రేమ'ను ఆయన మెల్లగా తుడిచేశాడు. "ఇప్పుడెక్కడున్నాడు?"

"ఈ మార్కాపురంలోనే, మేడలకు రంగులేస్తాడు. ఆదివారం తాడు కాడ నన్నుండమన్నాడు."

"నువ్వేమన్నావు?"

"వస్తానన్నా సార్."