డీజిల్ చందా

“తాళం ఇటివ్వు మెర్విన్. నువ్వు రానంటే నేనే నడుపుకుంటూ పోతాను,” అంటూ లొరెటా మొగుడి ముందు చెయ్యి చాపింది.

మెర్విన్ కాఫీ కప్పులోంచి తల ఎత్తలేదు. “డీజిల్ ధర చూశావా? మళ్లీ ఎగబాకింది. ఇంకో వారం ఆగు, దిగుతుంది.”

“క్రిస్మస్ నుంచీ ఇదే పాట. దిగిందా?”

“దిగుతుందనే...”

“శనివారానికి పాలీన్‌ని గది ఖాళీ చేయిస్తారయ్యా! అద్దె పెంచేశారు, అది కట్టలేకపోయింది. తుంటి విరిగి వాకర్ పట్టుకుని నడిచే మనిషి, టల్సా నుంచి ఇక్కడిదాకా బస్సులో కూర్చుని రాగలదా? ‘సామాను సర్దుకో, మా ఇల్లే నీ గుమ్మం ముందుకొస్తుంది’ అని మాటిచ్చాను. నా చెల్లెల్ని రోడ్డు మీద కూర్చోబెట్టమంటావా?”

వాళ్లది నిజంగానే గుమ్మం ముందుకు వెళ్లగల ఇల్లు. బస్సంత బండిలోనే వంటిల్లు, పడకగది, స్నానాలగది. ఏటా చలి మొదలవగానే సౌత్ డకోటా వదిలేసి అరిజోనా ఎండలోకి వెళ్లిపోయేవాళ్లు. ఈసారి డీజిల్ పుణ్యమా అని, ఇలాంటి ఇళ్ల బండ్లు వరసగా నిలిపి ఉండే ఆ పార్కులో ఒక్క బండీ కదల్లేదు. అందరూ మంచులోనే బిగుసుకుపోయి, గ్యాస్ ధరనీ గుడ్ల ధరనీ తిట్టుకుంటూ చలికాలం వెళ్లదీశారు.

ఇలాంటి బండ్ల గోడలు పల్చన. లోపల గుసగుసలాడినా పక్కవాళ్లకు వినిపిస్తుంది. లొరెటా గుసగుసలాడే మనిషి కూడా కాదు. కాసేపటికే పక్క బండి ఓపల్ తలుపు తోసుకుని వచ్చింది. పార్కులో ఎవరికి ఏ కష్టమొచ్చినా టోపీ పట్టుకుని చందాకు బయల్దేరే పెద్దావిడ ఆమె.

“అంతా విన్నానమ్మా. డబ్బులు ఎవరి దగ్గరా లేవు. టాంకుల్లో డీజిల్ మాత్రం ఊరికే పడుంది. తలా కాస్తా తీసి పోస్తాం, పోయి చెల్లెల్ని తెచ్చుకో.”

లొరెటా ఆవిడను గట్టిగా కావిలించుకుంది. మెర్విన్ మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

“వద్దు ఓపల్. మీ డీజిల్ మీకు పనికొస్తుంది.”

“దేనికయ్యా? నా బండి కింద కుందేలు పిల్లల్ని కూడా పెట్టింది!” అని బయటి నుంచి గస్ నవ్వాడు. లారీలు నడిపి రిటైరైన మనిషి. అప్పటికే రెండు చేతుల్లో రెండు డీజిల్ డబ్బాలు పట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి పార్కంతా వాళ్ల బండి చుట్టూ చేరింది. డబ్బాలతో, బకెట్లతో, ఆఖరికి పాల క్యాన్లతో తెచ్చి పోశారు. మెర్విన్ టైర్లలో గాలి తక్కువుందన్నాడు. గస్ పంపు తెచ్చి కొట్టాడు. వెనక లైటు వెలగట్లేదన్నాడు. ఎవరో తమ బండి లైటే ఊడదీసి బిగించారు. నడుం నొప్పిగా ఉందన్నాడు.

“నువ్వు పడుకో, నేను నడుపుతాను,” అంది లొరెటా.

“ఊరికే పోస్తుంటే కూడా ఏడుస్తాడేమిటే మీ ఆయన? ఇంత పిసినారిని నా జన్మలో చూడలేదు,” అంది ఓపల్, అతనికి వినపడేలాగే.

లొరెటాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంతకాలం కాపురం చేసింది ఇంత రాతిగుండె మనిషితోనా అనుకుంది. మెర్విన్ కోటు జేబులో చెయ్యి పెట్టి తాళం లాక్కుంది. డ్రైవరు సీట్లో కూర్చుంది. బయట అందరూ చప్పట్లు కొట్టారు.

తాళం తిప్పింది. దీపాలు వెలిగాయి. బండి మాత్రం కిమ్మనలేదు. మళ్లీ తిప్పింది. అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ ఊగాయి, అంతే.

“బ్యాటరీ బాగానే ఉంది. ఇంజన్‌లో ఏదో తేడా వచ్చింది, చూస్తానుండు,” అంటూ గస్ లోపలికొచ్చాడు. ఆ రకం బండ్లలో ఇంజను వెనక, పడకగదిలో మంచం కిందే ఉంటుంది.

మెర్విన్ పడకగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “పరుపు ముట్టుకోకు గస్!” అని అరిచాడు. అతను గొంతు పెంచడం ఆ పార్కులో అంతకుముందెన్నడూ ఎవరూ వినలేదు.

“తప్పుకో,” అని లొరెటా అతన్ని పక్కకు తోసేసింది. గస్ పరుపు ఎత్తాడు. కింద చెక్కమూత తీశాడు. తీసినవాడు తీసినట్టే ఉండిపోయాడు.

లొరెటా వంగి చూసింది. వేలాడుతున్న వైర్లు, కోసేసిన గొట్టాలు. వాటి కింద ఇంకేమీ లేదు. నేల మీది కంకర, ఇంకా కరగని మంచు కనిపిస్తున్నాయి.

“ఇంజనేదీ?” అంటూ మొగుడి వైపు తిరిగింది. “మెర్విన్... ఎవరైనా ఎత్తుకుపోయారా?”

“అమ్మేశాను. చలి ముదరకముందు మీరంతా చక్కెర దుంపల కోతకు కూలికి వెళ్లారు చూడు, అప్పుడు. టౌన్‌కి తోలుకెళ్తే, కొన్నవాళ్లు అక్కడే ఇంజను ఊడదీసుకుని, బండిని లాక్కొచ్చి ఇక్కడ దింపిపోయారు.”

“అమ్మేశావా! ఇల్లు కదలకుండా చేసి... ఆ డబ్బంతా ఏం చేశావు? జూదంలో తగలేశావా? పాలీన్‌కి ఏం చెప్పను నేను? చెప్పు, ఏం చేశావు ఆ డబ్బు?”

బయట చప్పట్లు ఎప్పుడో ఆగిపోయాయి. మెర్విన్ ఓపల్ వైపు చూశాడు, గస్ వైపు చూశాడు, ఆఖరికి భార్య వైపు తిరిగాడు.

“చలికాలమంతా మనిద్దరం తిన్నది దాన్నే, లొరెటా.”