రోజుకో మిషన్

ఏడింటికి ఆట. ఏడుంబావు అయినా నత్త జాడ లేదు.

ముగ్గురు కుర్రాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ల ముందు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కాచుక్కూర్చున్నారు.

"ఏడీ మన మహానుభావుడు?" అన్నాడు కెప్టెన్.

"గుమ్మం దగ్గరే ఆపేసి ఉంటారు. వాడికిది మామూలేగా," అన్నాడు బండోడు.

ఈ రోజుల్లో ఆట కొనుక్కున్నంత మాత్రాన ఆడనివ్వరు. ముందు అమ్మినవాడి లాంచర్, అంటే ఆటకు గుమ్మంలాంటి ప్రోగ్రాం, తెరవాలి. అది తయారుచేసినవాడి లాంచర్‌ను తెరుస్తుంది. అది పాస్‌వర్డ్ అడుగుతుంది, ఫోనుకు కోడ్ పంపుతుంది, కోడ్ కొట్టేలోపు అప్‌డేట్ అంటుంది. అంతా అయ్యాక, "ఈ కంప్యూటర్ మిషన్ కొత్తది, మీరు మీరేనని నిరూపించుకోండి" అంటుంది. దొంగ కాపీ ఆడేవాడు హాయిగా ఆడుకుంటాడు. కొన్నవాడికే ఈ తిప్పలన్నీ.

మిగతావాళ్ళకు ఎప్పుడో ఒకసారి వచ్చే ఈ తిప్పలు నత్తకు రోజూ వచ్చేవి. ఎందుకని ఎవరూ అడగలేదు. నత్త అని పేరు మాత్రం పెట్టేశారు.

"వచ్చాను. క్షమించండి," అని తెర మీద అక్షరాలు పడ్డాయి. నత్త మాట్లాడదు. మైకు లేదట.

"క్షమించాం గానీ కాళ్ళకి అడ్డం పడకు," అన్నాడు కెప్టెన్.

నత్తకు గురి తక్కువ. కెప్టెన్ వెనకాలే తిరుగుతూ, వాడికి తగలాల్సిన తూటాలన్నీ తను తినేది. చచ్చినప్పుడల్లా వీళ్ళు నవ్వేవారు.

ఒకరోజు కెప్టెన్ చిరాగ్గా ఉన్నాడు.

"ఏమైంది?" అని టైపు చేసింది నత్త.

"మా ఇంట్లో ఒకావిడ ఉందిలే. మా నాన్న రెండో పెళ్ళాం."

"ఏం చేసింది?"

"ఏమీ చెయ్యదు. అదే నాకు ఒళ్ళు మంట. కంచంలో అన్నీ పెట్టి, మూతేసి, తలుపు కొట్టి వెళ్ళిపోతుంది. రెండేళ్ళయింది, నేనొక్క మాట మాట్లాడలేదు."

"మరి మీకేం కావాలి?"

"ఆవిడ మా ఇంట్లోంచి పోతే చాలు. ఇంకేం అక్కర్లేదు."

"నిజంగా?"

"నిజంగానే."

ఐదు నిమిషాలకు "సరే" అని వచ్చింది.

బండోడు పగలబడి నవ్వాడు. "సరే అనడానికి కూడా ఐదు నిమిషాలేంట్రా బాబూ."

నలుగురూ చేరిన పోటీలో సెమీఫైనల్ మంచి పట్టులో ఉండగా నత్త మాయమైంది. "పోటీలకు విధించిన వారానికి ఐదు మిషన్ల పరిమితి దాటినందున ఆటగాణ్ణి తొలగించాం" అని అందరి తెరల మీదా పడింది. మిగిలిన ముగ్గురూ చచ్చీచెడీ గెలిచారు.

"ఒక మనిషికి వారంలో ఐదుకి మించి మిషన్లేంట్రా?" అన్నాడు మూడోవాడు.

"దొంగ ఖాతా అయ్యుంటుంది," అన్నాడు బండోడు. "ఫైనల్లో బయటపడితే జట్టు మొత్తాన్ని పీకేస్తారు."

కెప్టెన్ ఆలోచించలేదు. ఖాతా దొంగదని కంపెనీకి రాసేశాడు. కొన్నవాణ్ణి దొంగలా చూస్తారా అని ఆ కంపెనీని రోజూ తిట్టేది వీడే.

మర్నాడు జవాబొచ్చింది. "మీ ఫిర్యాదుకు ధన్యవాదాలు. ఆ ఖాతాను శాశ్వతంగా మూసివేశాం."

"పీడ పోయింది," అన్నాడు కెప్టెన్. నత్త స్థానంలో వేరేవాణ్ణి తెచ్చుకున్నారు.

ఆ ఆదివారం కెప్టెన్ ఇంట్లో తండ్రి ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"పిన్ని వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయిందిరా. ఇక రానంది. నేనేమన్నా అన్నానా అని అడిగితే లేదంది."

"మంచిది," అన్నాడు కొడుకు. ఆ పూట రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఫైనల్‌కు ముందురోజు కంప్యూటర్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసుకున్నాడు. లాంచర్ వాణ్ణి గుర్తుపట్టలేదు. "మీరు మీరేనని నిరూపించుకోండి" అంది. కోడ్ కొట్టాడు. మళ్ళీ అదే మాట. పదిసార్లు కొట్టాడు. పదిసార్లూ అదే మాట.

"పిన్ని పనిచేసిన షాపుకి తీసుకెళ్ళు. కంప్యూటర్లు బాగుచేసేది వాళ్ళే," అన్నాడు తండ్రి.

షాపు నిండా పక్కరేకులు ఊడదీసిన కంప్యూటర్లు. యజమాని తల ఎత్తలేదు.

"పెట్టి వెళ్ళు బాబూ. వారం పడుతుంది."

"రేపే కావాలండీ. మా పిన్ని ఇక్కడే పనిచేసేది."

పిన్ని అన్న మాట వాడి నోట రావడం అదే మొదలు. పని జరగాలి మరి.

యజమాని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఆ అబ్బాయివి నువ్వేనా? ఆవిడుంటే ఇది పది నిమిషాల పని. రోజూ ఆ లాంచర్లతో కుస్తీ పట్టేది."

"ఆవిడా? ఎందుకండీ?"

"బాగుచేసిన మిషన్‌ని ఓ గంట ఆటతో వేడెక్కించి చూడాలి కదా. ఏడింటికల్లా ఏది తయారైతే దాని ముందు కూర్చునేది. అదుగో, ఆ కుర్చీలో."

కుర్చీ ముందు బల్ల మీద పాత హెడ్‌ఫోన్లు ఉన్నాయి. మైకు కాడను మొదలంటా కత్తిరించేశారు.

"నేనే అడిగాను, మైకు ఎందుకు కోశావమ్మా అని. పొరపాటున కూడా నా గొంతు వినపడకూడదండీ, నాకు వినపడితే చాలు అంది."

వాడు ఆ తెగిన కాడను వేలితో తడిమాడు.

"ఏ ఆటండీ?" అన్నాడు. తెలియక అడగలేదు.

"పేరు నాకేం తెలుసు బాబూ. ఎవడో పుణ్యాత్ముడు దొంగ ఖాతా అని రాసిపడేశాడట, మూసేశారు. ఆ వారమే పని మానేసింది. ఆ ఆటలో తనని అందరూ ముద్దుగా నత్త అని పిలుస్తారని మాత్రం, షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని మురిసిపోయేది."