ఇద్దరి సమ్మతి

"పెళ్ళికి ఇద్దరి సమ్మతి చాలు. మధ్యలో తండ్రి ఎవడండీ?"

సెందాయ్ టౌన్ హాల్లో చప్పట్లు మోగాయి. కురిహరా గారు కొత్త చట్టం గురించి ఉపన్యసిస్తున్నారు. ఐదేళ్ళ క్రితం, యుద్ధంలో, ఇదే హాలు ముందు ఆయనే ఆడవాళ్ళకు వెదురు బల్లేలు పట్టడం నేర్పారు. అప్పుడూ చప్పట్లే.

వెనక వరసలో కూర్చున్న కూతురు చిజురు మాత్రం చేతులు కదపలేదు. వసంతంలో కలప వ్యాపారి సెరిజావా కొడుకుతో ఆమెకు పెళ్ళిచూపులు పెట్టించింది ఈ పెద్దమనిషే. ఆమె వద్దంది. ట్రాము కండక్టరు షింపేయిని చేసుకుంటానంది. ఆయన నెలరోజులు పలకలేదు. తరవాత ఉన్నట్టుండి మెత్తబడ్డారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పేసింది.

"నాన్నా, సోమవారం మా పెళ్ళి నమోదు చేయించుకుంటాం."

"నన్నడుగుతావేం? ఇరవై రెండేళ్ళున్నాయి నీకు. నా సొరుగులో నీ ముద్ర ఉంది, తీసుకెళ్ళు."

ఇంట్లో అందరి పేర్ల ముద్రలూ ఆయన సొరుగులోనే ఉంటాయి. కాగితం మీద ముద్ర పడితే మనిషి ఒప్పుకున్నట్టే.

తల్లి చేతిలో గరిటె ఆగింది. "ఏమండీ, దానికి చెప్పకూడదూ..."

"నువ్వు వడ్డించు. ఆఫీసులో వాళ్ళే చెబుతారు."

సోమవారం ఆఫీసు మెట్ల దగ్గర షింపేయి అడిగాడు. "మీ నాన్న నిజంగా మారాడంటావా?"

"ఆయన మారడమా! యుద్ధంలో గెలిచినవాళ్ళు ఏం చెబితే అది వల్లిస్తాడు. ఈసారి వాళ్ళు మనకి పనికొచ్చేది చెప్పారు, అంతే."

"అయితే ఎక్కు. మధ్యలో దిగిపోతానంటే బండి ఆపను."

"ముందు నువ్వు గంట కొట్టవయ్యా!"

గుమాస్తా దరఖాస్తు చూశాడు. వాళ్ళ ముద్రలు, సాక్షుల ముద్రలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కురిహరా వారి కుటుంబ రిజిస్టరు తెచ్చి తెరిచాడు. తండ్రి పేరు, తల్లి పేరు, ఆ కింద చిజురు పేరు. ఆ పేరు అడ్డంగా కొట్టేసి ఉంది, ఇక ఆ ఇంటి మనిషి కాదన్నట్టు.

"చూశావా, వెలేశాడు!" చిజురు నవ్వింది. "అందుకే అంత మెత్తగా మాట్లాడాడు. పీడా వదిలింది. మీరు రాసుకోండి సార్."

గుమాస్తా ఆ గీత పక్కనున్న చిన్న అక్షరాలు రెండోసారి చదివాడు.

"కుదరదమ్మా, ముందు మీ ఆయన దగ్గర, అదే సెరిజావా గారి అబ్బాయి దగ్గర, విడాకులు తీసుకుని రండి."