దరఖాస్తులో ఏడో గడి

పళ్ల డాక్టరు దరఖాస్తులో ఆరు గడులు గబగబా నింపేసి ఏడో గడి దగ్గర టక్కున ఆగిపోయాడు.

'ఫోటో తీసిన చోటు: దారి, గుర్తులతో సహా రాయాలి.'

ఆ చోటు ఆయన కట్టుకున్న భార్యకే చెప్పలేదు. రెండేళ్లుగా వారానికి మూడు సాయంత్రాలు క్లినిక్ మూసి అక్కడికే పరిగెడుతున్నాడు. అక్కడ ఒక ఆడ చిరుత. ఈ మధ్యే రెండు పిల్లల్ని పెట్టింది. ఫోటోలో తల్లి వంగి నీళ్లు తాగుతోంది, ఒక పిల్ల దాని తోక పట్టుకుని లాగుతోంది, ఇంకోటి నాకేం పట్టిందన్నట్టు కూర్చుంది. ఫోటో అద్భుతం. ఆ మాట ఆయనే రోజుకి ఇరవైసార్లు అనకపోతే మనమూ అనేవాళ్లం.

పేషెంట్లు మాత్రం ఏం చేస్తారు పాపం? నోటినిండా దూది కుక్కాక ఎదురు మాట్లాడే వీలెక్కడిది? "చూశారా ఆ కోరలు! ఒక్క పుచ్చు లేదు" అంటూ గోడ మీది ఫోటో చూపించి, అప్పుడు డ్రిల్లు తీసేవాడు.

ఆయన గొప్పలు వినని మనిషి ఒక్కడే, బావమరిది. అతనికీ కెమెరా ఉంది. కప్పలూ సీతాకోకచిలుకలూ తీస్తాడు. ఖర్మేమిటంటే, బాగా తీస్తాడు.

"ఆ చోటేదో చెప్పు బావా, ఒక్కసారి చూసొస్తా."

"నీకా? ఆ కప్పలతో సరిపెట్టుకో."

అదిగో, అలాంటి సమయంలో వచ్చింది వన్యప్రాణుల ఫోటో పోటీ ప్రకటన. మొదటి బహుమతి బంగారు పతకం. అది మెళ్లో వేసుకుని బావమరిది ఎదురుగా ఒక్క పూట కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి. డాక్టరుగారి జీవితాశయం అంతే. కానీ ఏడో గడి నింపితే రెండేళ్ల గుట్టు రట్టవుతుంది.

"ఇది మీ తమ్ముడి పన్నాగం కాదు కదా?" అని భార్యని నిలదీశాడు.

"వాడికంత తెలివుంటే ఎప్పుడో బాగుపడేవాడు. అయినా అది పిల్లల తల్లండీ. దాని ఉనికి ఊళ్లోవాళ్లకి చెప్పడమెందుకు? పతకం లేకపోతే పళ్లు పీకలేరా ఏం?"

ఆయన ఏడో గడి ఖాళీగా వదిలేసి ఫోటో పంపాడు. మూడోరోజు పోటీ అధ్యక్షుడే స్వయంగా ఫోన్ చేశాడు.

"డాక్టరుగారూ, మీ చిరుత ముందు మిగతావన్నీ దండగండీ! కానీ పోయినేడు ఒకాయన జూలో పులిని తీసి, అడవిలో తీశానని మమ్మల్ని బోల్తా కొట్టించాడు. అందుకే చోటు అడుగుతున్నాం. మీరు రాసింది మా ముగ్గురు జడ్జీల గడప దాటదు. నాదీ పూచీ."

"మా బావమరిది కూడా పంపాడండీ. ఏదో కప్ప."

"కప్పలూ సీతాకోకచిలుకలూ మొదటిరోజే అవతల పారేశామండీ."

డాక్టరు కడుపు చల్లబడింది. ఆహా, అభిరుచంటే ఇదీ! ఆ పూటే ఏడో గడి నింపాడు. అంతటితో ఊరుకున్నాడా? కాగితం వెనక పటం కూడా గీశాడు. మూతపడ్డ రాళ్ల క్వారీ, అందులో నీటిగుంట, ఎడమవైపు తుప్పలు, గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో చూపే బాణం గుర్తు. డ్రాయింగు మేష్టారు చూస్తే నూటికి నూరు వేసేవాడు.

అధ్యక్షుడు మళ్లీ ఫోన్ చేశాడు. డాక్టరు లెన్సు గురించి ఎత్తుకోబోతే ఆయన మాట మార్చేశాడు. చిరుత ఏ వేళకి వస్తుంది? మగది తోడుంటుందా? పిల్లలు పరిగెత్తగలుగుతున్నాయా?

"ప్రతివాడూ కెమెరా గురించి అడిగేవాడే. ఆ మూగజీవం క్షేమం అడిగినవాణ్ణి ఈయన్నే చూశాను" అంటూ డాక్టరు కళ్లు తుడుచుకున్నాడు.

మొదటి బహుమతి ఆయనకే వచ్చింది. శనివారం సాయంత్రం ఆరింటికి టౌన్ హాల్లో సభ అని అధ్యక్షుడు ఫోన్లో చెప్పాడు.

"సరిగ్గా ఆ వేళకే అది నీళ్లకి వస్తుందండీ. శనివారం నేనక్కడ..." అని డాక్టరు నసిగాడు.

"భలేవారే! ఒక్కరోజు మీరు కనబడకపోతే అది బెంగ పెట్టుకోదు లెండి. మీరు లేనిదే సభే లేదు. ఇంటిల్లిపాదీ రావాలి."

శనివారం డాక్టరు కొత్త కోటు తొడుక్కుని, భార్యనీ, బతిమాలి మరీ బావమరిదినీ వెంటబెట్టుకుని అయిదున్నరకే హాలుకి చేరాడు. కాపలాదారు లైట్లు వేసి వెళ్లిపోయాడు. ముందు వరుసలో ముగ్గురూ కూర్చున్నారు. ఆరయింది. ఆరుంపావయింది. వేదిక మీద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

"ఏం బావా, ఒక్క జడ్జీ రాలేదు?"

"నీకేం తెలుసురా. వాళ్లు ప్రకృతి ప్రేమికులు. వాళ్లకి గడియారంతో పనేమిటి?" అని డాక్టరు టై సర్దుకున్నాడు.

నిజానికి ఆ ముగ్గురు జడ్జీలూ ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా క్వారీ తుప్పల వెనక చేరి, తల్లికి ఉక్కుతీగ ఉచ్చు పన్ని, పిల్లలకి రెండు గోనెసంచులు విప్పి పట్టుకుని, నీటిగుంట వైపే చూస్తూ కూర్చున్నారు.