పాత్రుడు

"నాకంటే సీనియర్లు నలుగురుండగా మేనేజరు పదవి నాకెందుకండీ?" అన్నాడు బాయిలర్ మేస్త్రి.

ఫ్యాక్టరీ యజమానురాలు తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"దానికి నువ్వే పాత్రుడివి. ఆ మాట పాత్రలోంచే పుట్టింది, తెలుసా? పోసింది చుక్క కారకుండా పట్టి ఉంచేది పాత్ర. అలా ఉంచుకోగలిగినవాడు పాత్రుడు."

"నేనేం ఉంచుకున్నానండీ?"

"బాయిలర్‌కి పగులొచ్చిందని నాకొక్కదానికే చెప్పావు. బయట నోరు మెదపలేదు."

"మీరు బాగు చేయించారు కదా, ఇంకెవరికి చెప్పాలి?"

ఆమె మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది. "పగులు మీద రంగు వేయించాం. ఈ ఆర్డరు అయ్యాక చూద్దాం."

మేస్త్రి గ్లాసు పక్కకు నెట్టేశాడు. "కింద దాని దగ్గర మా తమ్ముడున్నాడండీ!"

"వాడూ నీలాంటివాడే. పగులు పెద్దదైందని పొద్దున వచ్చి చెప్పాడు. ఎవరితోనూ అనొద్దన్నాను. చూశావా, నీతో కూడా అనలేదు."

మేస్త్రి లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. "బాయిలర్ పేలుతుంది, అందరూ బయటికి పరుగెత్తండి!" అని అరుస్తూ మెట్లు దిగాడు. యంత్రాల దగ్గరివాళ్లు పనులొదిలి గేటు వైపు పరుగు తీశారు.

బాయిలర్ గదిలోంచి తమ్ముడు కంగారుగా ఎదురొచ్చాడు. వాడి వెనక ఆవిరి సన్నగా ఈల వేస్తోంది.

"మెల్లగా అన్నయ్యా," అన్నాడు వాడు, అన్న చెయ్యి పట్టుకుని. "అందరూ వింటున్నారు. నీ తర్వాత నన్నే మేస్త్రిని చేస్తానని అమ్మగారు మాటిచ్చారు."

మేస్త్రి వాడి కాలరు పట్టుకుని గేటు దాకా ఈడ్చుకుపోయాడు. అరవడం మాత్రం ఆపలేదు.